సబ్ వూఫర్: వాట్లు కొనకండి, డబ్బా కట్టండి

మన దగ్గర స్పీకర్ల గురించి ఎవరిని అడిగినా మొదటి ప్రశ్న ఒకటే. "ఎన్ని వాట్లు?" డబ్బా ఎన్ని లీటర్లు అని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. నా గోల అంతా ఇక్కడే. బేస్ అనేది వాట్లలో లేదు, డబ్బాలో ఉంది. సబ్ వూఫర్ విషయంలో ఖర్చు పెట్టాల్సిన మొదటి రూపాయి ఆంప్లిఫయర్ మీద కాదు, చెక్క మీద. అంతకన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది రూపాయి కూడా కాదు, ఓ సాయంత్రం పూట కాస్త లెక్క.

ముందు ఈ వాట్ల సంగతి తేల్చేద్దాం. సాధారణమైన వూఫర్‌కి ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్స్ శబ్దం వస్తుందనుకోండి. వినడానికి బాగానే ఉంది కదా? కానీ దాని అర్థం మనమిచ్చిన కరెంటులో అర శాతం కూడా శబ్దంగా మారట్లేదని. మిగతాదంతా వేడి. 100 వాట్లు పోస్తే అర వాటు కూడా గాల్లోకి రాదన్నమాట! పైగా చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్ల వాట్లు కావాలి. 50 వాట్ల ఆంప్లిఫయర్ తీసి 100 వాట్లది పెడితే వచ్చేది 3 డెసిబెల్స్. తేడా ఉందా లేదా అని ఇంట్లోవాళ్ళని పిలిచి అడగాల్సినంత తేడా.

ఇక పెట్టెల మీద పెద్దక్షరాలతో రాసే పీఎంపీఓ వాట్లంటారా, అదో పెద్ద జోకు. దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ ఏదీ లేదు. ఇలాంటి అంకెల గారడీ చూసి చూసే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఆంప్లిఫయర్ వాట్లు ఎలా కొలిచి చెప్పాలో ఒక నిబంధన పెట్టింది. మనం మాత్రం అరచేతిలో పట్టే స్పీకర్ మీద వేల వాట్లు రాసి ఉన్నా "అబ్బో" అనుకుని కొనేస్తాం. గోడకున్న సాకెట్లోంచి అంత కరెంటు వస్తుందా అని కూడా ఆలోచించం.

సరే, అసలు విషయానికొద్దాం. డబ్బా ఎందుకు కావాలి?

విడి వూఫర్‌ని చేత్తో పట్టుకుని పాట పెట్టి చూడండి. కోన్ బానే ఊగుతుంది గానీ బేస్ మాత్రం వినపడదు. కోన్ ముందుకొచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. ముందున్న గాలి పక్కనుంచి వెనక్కి జారిపోయి రెండూ సరిసమానం అయిపోతాయి. కూడిక, తీసివేత, సున్నా! 30 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు పదకొండు మీటర్ల పైచిలుకు. దాని ముందు పదంగుళాల వూఫర్ ఏ మూలకి? ముందు గాలినీ వెనక గాలినీ విడదీయడమే డబ్బా చేసే మొదటి పని.

రెండో పని ఇంకా ముఖ్యమైనది. డబ్బాలో బంధించిన గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. డబ్బా చిన్నదయ్యేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, గట్టిపడేకొద్దీ లోతైన స్వరాలు పలకడం కష్టమవుతుంది. ఈ గాలి స్ప్రింగునే ఆయుధంగా వాడుకుని ఎడ్గార్ విల్చర్ 1954లో ఏఆర్-1 అనే స్పీకర్ తీసుకొచ్చాడు. అప్పటిదాకా మంచి బేస్ కావాలంటే బీరువాలంత డబ్బాలుండేవి. పుస్తకాల అరలో పట్టేంత డబ్బాలో లోతైన బేస్ వినిపించి అందరి నోళ్ళూ మూయించాడాయన.

మరి గొట్టం ఉన్న డబ్బా సంగతి? ఇది మనకి కొత్తేం కాదు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే "బుమ్" అంటుంది చూశారా, అదే. ఘటం వాయించేవారు కుండ మూతిని పొట్టకి ఆనించి, కాస్త ఎడం చేస్తూ కాస్త మూస్తూ ఆ గంభీరమైన గుంకారం తెప్పించేదీ ఇదే సూత్రంతో. మూతి దగ్గరున్న గాలి ఒక బరువు, లోపలి గాలి ఒక స్ప్రింగు. ఆ రెండూ కలిసి ఒక స్వరం దగ్గర ఊగుతాయి. ఆ స్వరం ఎక్కడుండాలో నిర్ణయించుకుని గొట్టం కొలత పెట్టుకోవడమే ట్యూనింగ్ అంటే.

ఇదంతా ఒకప్పుడు తంటాలు పడి, చెవితో విని, మళ్ళీ కోసి చేసే పని. 1961లో ఆస్ట్రేలియాకి చెందిన నెవిల్ థీల్ అనే ఇంజినీరు వూఫర్‌నీ డబ్బానీ కలిపి ఒక ఎలక్ట్రికల్ ఫిల్టర్‌గా చూసి లెక్క కట్టొచ్చని చూపించాడు. ఆ వ్యాసాన్ని ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రిక 1971లో మళ్ళీ అచ్చువేశాకే ప్రపంచం కళ్ళు తెరిచింది. తర్వాత సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. ఇప్పుడు ప్రతి మంచి వూఫర్ కాగితం మీదా ఉండే అంకెల్ని థీల్-స్మాల్ పారామీటర్లు అనేది అందుకే.

అందులో మనకి కావల్సినవి ముఖ్యంగా మూడు.

ఎఫ్ఎస్: విడి వూఫర్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ.
క్యూటీఎస్: ఆ ఊపుని వూఫర్ ఎంత అదుపులో పెట్టుకోగలదో చెప్పే అంకె.
వీఏఎస్: వూఫర్ సస్పెన్షన్‌కి ఎంత బిగువుందో, అంతే బిగువున్న గాలి ఎన్ని లీటర్లో.

ఊరికే సిద్ధాంతాలెందుకు, ఒక లెక్క వేద్దాం. పదంగుళాల వూఫర్, ఎఫ్ఎస్ 30 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.40, వీఏఎస్ 60 లీటర్లు అనుకుందాం. ఒకే వూఫర్‌ని మూడు డబ్బాల్లో పెట్టి చూద్దాం.

మొదటిది, 10 లీటర్ల మూసిన డబ్బా. బజార్లో కనిపించే ముద్దొచ్చే సైజు. వీఏఎస్‌ని డబ్బా లీటర్లతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీస్తే 2.65 వస్తుంది. దాన్ని ఎఫ్ఎస్‌తో గుణిస్తే 79 హెర్ట్జ్, క్యూటీఎస్‌తో గుణిస్తే 1.06. అంటే 30 దగ్గర పలకగల వూఫర్ ఇప్పుడు 79 కిందకి దిగనంటుంది, పైగా అక్కడ ఒక గూని కూడా లేస్తుంది. సబ్ వూఫర్ పని మొదలయ్యేదే సుమారు 80 దగ్గర. అక్కడే ఆగిపోతే దాన్ని సబ్ వూఫర్ అనడం దేనికి?

రెండోది, 28 లీటర్ల మూసిన డబ్బా. అదే లెక్కతో రెండో అంకె 0.707 వస్తుంది. గూని లేకుండా సాఫీగా ఉండే చోటు ఇది. 53 హెర్ట్జ్ దాకా బాగా దిగి, అక్కణ్ణించి నెమ్మదిగా తగ్గుతుంది.

మూడోది, 57 లీటర్ల గొట్టం డబ్బా, ట్యూనింగ్ 30 హెర్ట్జ్. ఇది థీల్ పట్టికలో ఉన్న క్లాసిక్ అమరిక. అదే వూఫర్, అదే ఆంప్లిఫయర్, అవే వాట్లు. సుమారు 30 హెర్ట్జ్ దాకా దిగుతుంది. బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. మొదటి డబ్బాలో అది నామమాత్రం, రెండోదాన్లో ఉందిలే అనిపిస్తుంది, మూడోదాన్లో కుర్చీ దాకా వస్తుంది.

గొట్టం లెక్క కూడా చెప్పేస్తాను. హార్డ్‌వేర్ షాపులో దొరికే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు చాలు. లోపలి వ్యాసం 10.4 సెంటీమీటర్లు ఉంటే ఈ డబ్బాకి సుమారు 42 సెంటీమీటర్ల పొడవు కావాలి. 75 మిల్లీమీటర్ల పైపు తీసుకుంటే 17 సెంటీమీటర్లు చాలు కదా అని సంబరపడిపోకండి. సన్న గొట్టంలో గాలి వేగం పెరిగి, సౌండ్ పెంచగానే "బుస్ బుస్" మంటుంది. నాగస్వరం ఊదకుండానే పాము వస్తుంది! గాలి వేగం సెకనుకి 17 మీటర్లు దాటకుండా చూసుకోవడం మంచిదని పాత లెక్క. గొట్టం రెండు చివర్లూ కాస్త గుండ్రంగా విచ్చుకునేలా చేసుకుంటే ఇంకా మంచిది.

ఇక్కడే చాలామంది మర్చిపోయేది ఒకటుంది. 57 లీటర్లంటే లోపల మిగలాల్సిన ఖాళీ గాలి. గొట్టం తానే 4 లీటర్లు తినేస్తుంది. వూఫర్ వెనక భాగం ఒక 2, లోపల పెట్టే ఆపు కర్రలు ఒక 2. అంటే లోపలి కొలతలు 65 లీటర్లకి వేసుకోవాలి. 34, 36, 53 సెంటీమీటర్లయితే సరిపోతుంది. 53 ఎందుకంటే, 42 సెంటీమీటర్ల గొట్టం లోపలి చివరికీ ఎదురు గోడకీ మధ్య కనీసం గొట్టం వ్యాసమంత ఖాళీ ఉండాలి, లేకపోతే ట్యూనింగ్ మారిపోతుంది. పెద్ద పలక మీద వూఫర్, చిన్న పలక మీద గొట్టం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిదడుగులు నాలుగడుగుల షీటులో సగం కూడా పట్టదు.

మా ఆవిడకి ఈ కొలతలు చూపిస్తే "దీనిమీద టీవీ పెట్టుకోవచ్చా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే! డబ్బా సైజుకీ ఇంట్లో శాంతికీ సంబంధం ఏ పారామీటర్ల కాగితం మీదా ఉండదు.

నిజానికి ఆవిడ ప్రశ్నకి ఆడియోవాళ్ళ దగ్గర పాత సామెత లాంటిది ఒకటుంది. కేఎల్‌హెచ్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన హాఫ్‌మన్ పేరు మీద దాన్ని ఉక్కు సూత్రం అంటారు. చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ వాట్లకే ఎక్కువ మోత, ఈ మూడింట్లో ఏ రెండైనా కోరుకో, మూడోది వదులుకో. మన సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి ఇది కొత్తేం కాదు. త్వరగా, చవగ్గా, బాగా... మూడూ కావాలనే క్లయింటుని మనం రోజూ చూస్తూనే ఉంటాం.

"ఇప్పుడు చిన్న సబ్ వూఫర్లు కూడా అదరగొడుతున్నాయి కదా, లోపల డీఎస్పీ ఉంటుంది" అని మీరు అనొచ్చు. నిజమే, నేను కాదనను. కానీ అది మాయ కాదు, వాయిదాల చెల్లింపు. తగ్గిపోయిన చోట 10 డెసిబెల్స్ ఎత్తాలంటే అక్కడ పది రెట్ల వాట్లు పోయాలి. పైగా అదే మోత ఒక ఆక్టేవ్ కింద కావాలంటే కోన్ నాలుగు రెట్ల గాలిని నెట్టాలి. అంటే ఖరీదైన వూఫర్, ఖరీదైన ఆంప్లిఫయర్. ఇంట్లో చోటు లేనివాళ్ళకి, డబ్బున్నవాళ్ళకి అది సరైన దారే. చోటుండి డబ్బు తక్కువున్నవాళ్ళకి మాత్రం చెక్కంత చవకైన వాటు ఇంకోటి లేదు.

నాకు చిరాకు తెప్పించేది మన షాపుల పద్ధతి. కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల వూఫర్లు, ఆంప్లిఫయర్ బోర్డులు, కావల్సిన విడి భాగాలన్నీ దొరుకుతాయి. కానీ డబ్బా దగ్గరికొచ్చేసరికి చాలాచోట్ల "ఎనిమిదంగుళాలకి ఇది, పదికి ఇది" అని చెప్పుల సైజులా ఇచ్చేస్తారు. వూఫర్ కాగితం చూడరు. నేనొక షాపులో ఎఫ్ఎస్ ఎంత అని అడిగితే "ఫుల్ బేస్ సార్" అన్నారు! ఆ అబ్బాయిది తప్పని నేననను. అడిగేవాళ్ళుంటే కదా చెప్పేవాళ్ళుండేది. పది మంది కొనేవాళ్ళు ఈ మూడంకెలూ అడగడం మొదలెడితే పదకొండోవాడికి కాగితం చూపిస్తారు. కాగితమే లేని వూఫర్ చేతికొస్తే ఒక రెసిస్టరు, ల్యాప్‌టాప్ సౌండ్ కార్డు, ఒక ఉచిత ప్రోగ్రాముతో ఆ అంకెలు మనమే కొలుచుకోవచ్చు. అంకెలు చేతికొచ్చాక విన్ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెడితే గీత కళ్ళముందే కనిపిస్తుంది. కంపైల్ చెయ్యకుండా ప్రొడక్షన్‌కి పంపం కదా. మరి సిమ్యులేట్ చెయ్యకుండా రంపం ఎందుకు పట్టుకోవాలి?

కట్టేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి నాలుగు ముక్కల్లో చెప్తాను.

1. గాలి లీకవకూడదు. అన్ని అతుకులకీ ఫెవికాల్ ధారాళంగా పట్టించి, స్క్రూలు బిగించి, లోపలి మూలలకి సిలికాన్ పెట్టాలి. పరీక్షకి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. సన్నగా బేస్ టోన్ పెట్టి వెలిగించిన అగరబత్తి అతుకుల వెంబడి తిప్పండి. పొగ వణికిన చోట లీకున్నట్టే.

2. గోడలు పాడకూడదు. పాడాల్సింది కోన్, చెక్క కాదు. పెద్ద పలకల మధ్య అడ్డంగా ఒకటి రెండు ఆపు కర్రలు బిగించండి. వేలి మెటికతో తడితే "డబ్" మనాలి, "డమ్మ్‌మ్" అనకూడదు.

3. ట్యూనింగ్ సరిచూసుకోండి. ఫోన్లో టోన్ జనరేటర్ ఆప్ పెట్టుకుని, మరీ పెద్ద సౌండ్ లేకుండా, 50 నుంచి కిందకి దిగుతూ రండి. డబ్బా ట్యూనైన చోట కోన్ దాదాపు ఆగిపోతుంది, పనంతా గొట్టంలోని గాలి చేస్తుంది. ఆ అంకె 30 కన్నా పైనుంటే గొట్టం కాస్త పొడవు చెయ్యాలి, కిందుంటే కాస్త కోయాలి. అందుకే మొదట పొడవుగా పెట్టుకుని తర్వాత కోసుకోవడం మేలు.

4. ట్యూనింగ్ కిందకి పంపకండి. గొట్టం డబ్బాలో ట్యూనింగ్ కింద కోన్‌కి గాలి ఆసరా పోతుంది, గాల్లో తాడు తెగినట్టు ఊగుతుంది. ఆ లోతైన శబ్దాల్ని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఆంప్లిఫయర్లో ఉండాల్సిందే. మూసిన డబ్బాకి ఈ బాధ చాలా తక్కువ.

ఇంత చేశాక దాన్ని తీసుకెళ్ళి ఏదో ఒక మూల పడేస్తే మళ్ళీ కథ మొదటికే. గదికి కూడా తన స్వరాలుంటాయి. పన్నెండడుగుల పొడవున్న గది సుమారు 47 హెర్ట్జ్ దగ్గర తానే మోగుతుంది. మన ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబులు బేస్‌ని బయటికి పోనివ్వవు, తిప్పి తిప్పి గదిలోకే కొడతాయి. అందుకే ఒక కుర్చీలో గుండె అదురుతుంది, పక్క కుర్చీలో ఏమీ వినపడదు. దీనికో తమాషా చిట్కా ఉంది. సబ్ వూఫర్‌ని మీరు కూర్చునే చోట పెట్టి, ఒక బేస్ పాట పెట్టి, మీరు నేలమీద పాకుతూ గదంతా తిరగండి. ఎక్కడ బేస్ సమంగా, శుభ్రంగా వినపడుతుందో అక్కడ దాన్ని పెట్టండి. పాకేటప్పుడు ఇంట్లో ఎవరూ లేకుండా చూసుకోవడం మీ ఇష్టం.

అపార్ట్‌మెంటులో రెండు బెడ్రూముల ఫ్లాటుంటే నా సలహా మూసిన డబ్బా. 28 లీటర్లు చోటూ తినదు, అది నెమ్మదిగా తగ్గే చోట చిన్న గది కొంత తిరిగి పూడుస్తుంది. సొంతిల్లు, పెద్ద హాలు, సినిమాల పిచ్చి ఉంటే గొట్టం డబ్బా.

ఇక చివరగా ఒక మాట. ఇది డబ్బా కన్నా ముఖ్యమైనది.

శబ్ద కాలుష్య నియంత్రణకి 2000లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. కానీ ఆ కొలత 'ఎ వెయిటింగ్' అనే పద్ధతిలో. మనిషి చెవికి బేస్ తక్కువ వినపడుతుందని ఆ పద్ధతి కింది శబ్దాల్ని బాగా తగ్గించి లెక్కేస్తుంది. 40 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 34.6 డెసిబెల్స్ తీసేస్తుంది. అంటే పక్కింటివాళ్ళ పడగ్గదిలో 40 హెర్ట్జ్ శబ్దం 80 డెసిబెల్స్ మోగుతున్నా మీటరు 45 అనే చూపిస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీలో చెవికి వినపడటం మొదలయ్యేది 50కి కాస్త పైనుంచి. కాబట్టి 80 అంటే వాళ్ళకి స్పష్టంగా, గోడల్లోంచి, దిండులోంచి వినపడుతూనే ఉంటుంది. మీటరు మాత్రం మీరు హద్దులోనే ఉన్నారంటుంది!

అంటే బేస్ విషయంలో మీటరు పక్కింటివాళ్ళని పెద్దగా కాపాడదు, మన మర్యాదే కాపాడాలి. నేను గమనించింది ఒకటుంది. బేస్ లోతు లేని సిస్టం ఉన్నవాళ్ళే వాల్యూమ్ ఎక్కువ పెంచుతారు. ఏదో తక్కువైందని తెలుస్తుంది, ఏంటో తెలీదు, నాబ్ తిప్పేస్తారు. ఆ 79 హెర్ట్జ్ గూని "ధబ్ ధబ్" మని వీధంతా మోగుతుంది, పాటలో ఉన్న బేస్ మాత్రం అలాగే మిగిలిపోతుంది. సరిగ్గా కట్టిన డబ్బా ముందు కూర్చుంటే తక్కువ వాల్యూమ్‌లోనే కడుపు నిండుతుంది. పది దాటాక తగ్గించడానికి మనసొప్పుతుంది కూడా.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఎన్ని వాట్లు?" అనడిగితే "ఎన్ని లీటర్లు?" అని ఎదురు ప్రశ్న వేయండి. వింతగా చూస్తారు, చూడనివ్వండి. మీ వూఫర్ కాగితం మీది ఆ మూడంకెలూ ఒక పేపరు మీద రాసుకుని ఇవ్వాళే లెక్క మొదలెట్టండి. వడ్రంగి ఆదివారం కూడా దొరుకుతాడు.